సిమెంటు రోడ్డు మీద ఒకటే గీత

2022వ సంవత్సరం, దసరా మర్నాడు, పొద్దున్న తొమ్మిదిన్నర. నందిగామ బైపాసు పక్కన ఉన్న మా షెడ్డులో ఇంకా పండగ వాసన పోలేదు. ఆయుధ పూజకని జాకీలకీ, పానాలకీ, వీల్ అలైన్‌మెంట్ యంత్రానికీ పెట్టిన కుంకుమ బొట్లు అలాగే ఉన్నాయి. గుమ్మం ముందు పగలగొట్టిన గుమ్మడికాయను ఆవులు తిన్నంత తిని వదిలేశాయి. పండగ మర్నాడు బేరాలు పెద్దగా ఉండవు కదా అని స్థిమితంగా కూర్చుని టీ తాగుతున్నాను. ఫోను మోగింది.

నేను చక్రాల మనిషిని. ఇంజను జోలికి వెళ్లను, ఏసీ గురించి అడిగితే నాకు తెలియదంటాను. టైర్లు, చక్రాలు, బ్రేకులు, స్టీరింగు, ఇంతవరకే నా పని. ముప్పై ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. పుట్టింది జగ్గయ్యపేటలో. పని నేర్చింది గరికపాడు చెక్‌పోస్టు దగ్గర, వరసగా ఆగిన లారీల కింద పడుకుని. నాకు పని నేర్పిన యాదగిరన్నది కోదాడ వైపు. ఆయన తక్కువ మాట్లాడేవాడు, నేనేమో ఎక్కువ. లారీ ఆగీ ఆగగానే బ్రేకు లైనర్లు పోయాయనో, బేరింగ్ పోయిందనో దూరం నుంచే తేల్చేసేవాణ్ని. ఆయనకు ఒళ్లు మండేది. "చక్రం ఇప్పకముందు ఏం చెప్పకురా" అని పానా చేతిలో పెట్టేవాడు. ఆ మాట ఎన్నిసార్లు మరిచిపోయానో నాకే తెలియదు. మరిచిపోయినందుకు తల ఎత్తుకోలేనంత సిగ్గుపడింది మాత్రం ఆ దసరాకే.

ఫోను చేసింది ప్రసాదు గారు. ఊళ్లో పప్పుల హోల్‌సేలు దుకాణం వాళ్లది. అన్నగారు సత్యనారాయణ గారు, తమ్ముడు ఈ ప్రసాదు గారు. ఇద్దరిదీ ఒకే దుకాణం, పక్కపక్క ఇళ్లు. ఆ ఏడాది శివరాత్రి వెళ్లాక సత్యనారాయణ గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా ముద్దగా, ఆగి ఆగి వచ్చేది. విజయవాడలో వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ చేయించాలని, మొదటి ఏడాదే ముఖ్యమని డాక్టరు చెప్పారట. కారుంది గానీ నడిపే మనిషి లేడు. పాత డ్రైవరు మానేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. ప్రసాదు గారు దుకాణం వదిలి రాలేరు. మూడు రోజులు కాస్తా ఒక రోజయింది, ఒక్కోసారి అదీ లేదు.

అప్పుడు సత్యనారాయణ గారి భార్య రాజ్యలక్ష్మి గారు ఎవరినీ అడగకుండా వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో చేరారు. ఆవిడకు నలభై ఏడేళ్లు. అప్పటిదాకా స్కూటీ కూడా ముట్టుకున్న మనిషి కాదు. రెండు నెలల్లో లైసెన్సు తెచ్చుకుని, భర్తను పక్కన కూర్చోబెట్టుకుని, హైవే మీద ఎడమ లైనులో అరవై దాటకుండా విజయవాడ తీసుకెళ్లడం మొదలుపెట్టారు. టైర్లలో గాలి కొట్టించుకోవడానికి నా షెడ్డుకు వచ్చేవారు. అడిగిందే మళ్లీ అడిగేవారు. గాలి ఎంత ఉండాలి, ఎప్పుడు చూడాలి, ఎండలో చాలా దూరం నడిపి వచ్చి చూస్తే ఎక్కువ ఎందుకు చూపిస్తుంది? నేను విసుక్కుంటూనే చెప్పేవాణ్ని. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలమ్మా, వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది అని. ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకునేవారు.

ఆ రోజు ఫోనులో ప్రసాదు గారి గొంతు వణుకుతోంది. వదిన కారును గోడకు గుద్దేసిందని, అన్నయ్య లోపలే ఉన్నాడని, వెంటనే రమ్మని అన్నారు. స్కూటరు మీద అయిదు నిమిషాల్లో వెళ్లాను.

వాళ్ల వీధి చివర మలుపు దగ్గర అరటిపళ్ల తోపుడుబండి ఒకటి పక్కకి ఒరిగిపోయి ఉంది. దాన్ని దాటి కారు డ్రైనేజీ గోడకు ఆనుకుని ఆగింది. కుడి వైపు హెడ్‌లైటు పగిలింది, బంపరు లోపలికి నొక్కుకుపోయింది. పళ్లబండి మనిషి ఆఖరి క్షణంలో పక్కకి దూకాడు కాబట్టి సరిపోయింది. మోచేయి గీరుకుపోవడం తప్ప ఏం కాలేదు. సత్యనారాయణ గారికి సీటు బెల్టు ఉండడంతో ఆయనా క్షేమమే. జనం అప్పటికే ఇరవై మంది పోగయ్యారు. రాజ్యలక్ష్మి గారు కారు పక్కన నిలబడి ఒకటే మాట అంటున్నారు, బ్రేకు తొక్కాను, బ్రేకు తొక్కాను అని.

నేను డ్రైవరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కి చూశాను. గట్టిగా ఉంది, కిందికి జారడం లేదు. బానెట్ ఎత్తి బ్రేక్ ఫ్లూయిడ్ చూశాను. అంటే మనం పెడల్ మీద వేసిన బలాన్ని చక్రం దాకా మోసుకెళ్లే ద్రవం. అది నిండుగా ఉంది, ఎక్కడా కారలేదు. రెండు నిమిషాల్లో తేల్చేశాను. బయటికొచ్చి, ఆ ఇరవై మంది ముందు, నవ్వుతూ అన్నాను.

"బ్రేకు బానే ఉందమ్మా. కంగారులో ఎక్సిలేటర్ తొక్కుంటారు. కొత్తలో అందరికీ జరిగేదే."

జనం కూడా నవ్వారు. పెద్ద ప్రమాదం తప్పిందన్న ఊరటతో వచ్చిన నవ్వే అది. కానీ ఆవిడ మొహం ఎలా వాడిపోయిందో ఇప్పటికీ నాకు కళ్లకు కడుతుంది. భర్తకు చెయ్యి అందించి, మెల్లగా నడిపించుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు.

ప్రసాదు గారే కారు నడుపుకుంటూ షెడ్డుకు తెచ్చారు. మెల్లగానే తెచ్చారు, బ్రేకు పట్టింది కూడా. దాంతో ఆయనకు నా మాట మీద ఇంకా నమ్మకం కుదిరింది. లైటూ బంపరూ సరిచేయించి పెట్టమన్నారు. మైలవరంలో తెలిసినవాళ్లు కారు కోసం చూస్తున్నారట, ఎల్లుండి వచ్చి తీసుకెళ్తారట. అన్నయ్యకు ఏదైనా అయుంటే నేనేం చెయ్యాలి మేస్త్రీ అని ఆయన అడుగుతుంటే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చెడ్డమనిషి కాదు, భయపడిన మనిషి. మరి ఆయన్ని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారండీ అని అడిగాను. కుదిరిన రోజు నేను తీసుకెళ్తా అన్నారు. కుదిరిన రోజంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఎనిమిదింటికే రాజ్యలక్ష్మి గారు షెడ్డు ముందు ఆటో దిగారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నేను బ్రేకే తొక్కానండీ సాంబశివరావు గారూ. కాలు ఎక్కడుందో నాకు తెలుసు."

నిజం చెబుతున్నాను, నాకు చిరాకేసింది. ఇలా అన్నవాళ్లను ఎంతమందిని చూడలేదు? మగవాళ్లూ అంటారు, లారీ డ్రైవర్లూ అంటారు. తప్పు ఒప్పుకోవడం ఎవరికి ఇష్టం? అదే ఆవిడతో కాస్త మర్యాదగా చెప్పబోయాను. ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు.

"నేను స్టీరింగు ఎడమకి తిప్పుతూనే ఉన్నా. బండి నన్ను కుడికి లాక్కెళ్లింది. ఎవరో పట్టుకుని లాగినట్టు."

నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, హెడ్‌లైటు విప్పుతున్నాను. దాన్ని కింద పెట్టేశాను.

నిన్న ఆ మలుపు దగ్గర నేను చూసి కూడా చూడనిది ఒకటి ఉంది. వాళ్ల వీధిలో సిమెంటు రోడ్డు. పళ్లబండికి నాలుగైదు గజాల ఇవతల నుంచి డ్రైనేజీ గోడ దాకా ఆ రోడ్డు మీద నల్లగా టైరు గీత పడి ఉంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి, తిరగకుండా జారితే పడే గీత అది. ఆ కారు పాత మోడల్, ఏబీఎస్ లేదు. ఏబీఎస్ అంటే చక్రం అలా బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. అది లేని బండికి రెండు ముందు చక్రాలూ సమానంగా పట్టుకుంటే రెండు గీతలు పడాలి. అక్కడ పడింది ఒకటే, కుడి చక్రానిది. అసలు ఎక్సిలేటర్ తొక్కితే బ్రేకు గీత ఎక్కడి నుంచి వస్తుంది? ముప్పై ఏళ్ల అనుభవమని మీసం మెలేసే నేను, ఆ గీత మీద నిలబడి, ఆవిణ్ని చూసి నవ్వాను. చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

వెళ్లి జాకీ తెచ్చాను.

ముందు కుడి చక్రం విప్పాను. చక్రం వెనక డిస్కు ఉంటుంది, చక్రంతో పాటే తిరిగే ఇనుప పళ్లెం. బ్రేకు తొక్కగానే రెండు వైపుల నుంచి రెండు ప్యాడ్లు దాన్ని అదిమి పట్టుకుంటాయి. ప్యాడ్లంటే ఇనుప రేకుకు అతికించిన గట్టి ముద్దల్లాంటివి. బండి ఆగేదంతా ఆ రాపిడి మీదే. కుడి వైపు డిస్కు పొడిగా, శుభ్రంగా ఉంది. ప్యాడ్లు సగం పైగా మిగిలి ఉన్నాయి. ఏ లోపమూ లేదు.

ఎడమ చక్రం విప్పాను. రిమ్ము లోపలంతా నల్లటి జిడ్డు. డిస్కు మీద వేలు పెడితే జారిపోయింది. ప్యాడ్లు నూనె పీల్చుకుని నిగనిగలాడుతున్నాయి. అలాంటి ప్యాడు డిస్కును ఎంత అదిమినా పట్టుకోలేదు. మెల్లగా వెళ్లేటప్పుడు మిగతా మూడు చక్రాలు ఆపేస్తాయి కాబట్టి తేడా తెలియదు. వేగంలో ఉన్నట్టుండి తొక్కితే కుడి చక్రం పట్టుకుని ఎడమది పట్టుకోదు. బండి పట్టుకున్న వైపుకే తిరిగిపోతుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

ఇదే కారును లైటు మార్చి, తుడిచి, మైలవరం వాళ్లకు అప్పగించబోయాను.

ఇంతకీ నూనె ఎక్కడిది? బ్రేక్ ఫ్లూయిడ్ గొట్టం చూశాను, పొడిగా ఉంది. ఇరుసు మీద గ్రీజు బయటికి రాకుండా రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగిందేమోనని చూశాను, చిరగలేదు. అప్పుడు నా బుద్ధి మళ్లీ వక్రంగా పరుగెత్తింది. బండి అమ్మేయాలని తొందరపడుతున్నది ఎవరు? ప్రసాదు గారు గానీ... ఛ, అలా అనుకున్నందుకు ఈ రోజుకీ ఆయన ముందు నాకు ఇబ్బందిగానే ఉంటుంది. వేలికంటిన జిడ్డు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అది గ్రీజు కాదు, ఇంజను ఆయిలూ కాదు. నువ్వుల నూనె. డిస్కు మధ్యలో, నట్ల పక్కన, ఎర్రగా ఇంకేదో అంటుకుని ఉంది. కుంకుమ.

రాజ్యలక్ష్మి గారు వంగి చూశారు. వేలితో ఆ కుంకుమ తాకారు. అప్పుడు మొదటిసారి కుర్చీలో కూర్చున్నారు.

తర్వాత నెమ్మదిగా చెప్పారు. అది వాళ్ల దేవుడి గదిలో నూనె. దసరా సాయంత్రం ఇంట్లోవాళ్లంతా దుకాణంలో పూజకు వెళ్లారు. సత్యనారాయణ గారు ఒక్కరే ఇంట్లో ఉండిపోయారు. ఆయన దుకాణం పూజకు వెళ్లకపోవడం నలభై ఏళ్లలో అదే మొదలు. ఏటా దసరాకు పాత తక్కెడ, ఇనుప తూకపు రాళ్లు చింతపండుతో తోమి, తుప్పు పట్టకుండా నూనె పూసి, బొట్టు పెట్టేది ఆయనే. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక కూడా ఆ పని మానలేదు, ఇంకొకళ్లను చెయ్యనివ్వలేదు.

నాకు మొత్తం అర్థమైంది. పూజకు ముందు కారు కడిగి ఉంటారు. తడిసిన డిస్కు మీద కొన్ని గంటల్లోనే ఎర్రగా తుప్పు తేలుతుంది. అది పోత ఇనుము, దాని లక్షణమే అంత. రెండు సార్లు బ్రేకు తొక్కితే ఆ తుప్పు అదే రాలిపోతుంది. కానీ ఆ సంగతి తెలియని మనిషికి అల్లాయ్ చక్రం సందుల్లోంచి కనిపించేది తుప్పు పట్టిన ఇనుమే. మా ప్రాంతంలో నాగలి కర్రు, కొడవలి, తూకపు రాయి, ఏ ఇనుముకైనా తుప్పు కనిపిస్తే నూనె పూస్తారు. అది తప్పని ఎవరూ ఎవరికీ చెప్పరు.

ఇది ప్రసాదు గారికి చెప్పేద్దాం పదండమ్మా అని లేచాను. ఆవిడ అడ్డం పడ్డారు.

"ఆయన పేరు చెప్పొద్దండీ. ఏడు నెలల్లో ఆయనంతట ఆయన చేసిన పని ఇదొక్కటే. ఇదీ తప్పని తెలిస్తే ఇంక దేన్నీ ముట్టుకోరు. నాకు డ్రైవింగ్ రాదనే అనుకోనివ్వండి."

నిన్న నిజం తన వైపు ఉందని ఒక్కరూ నమ్మలేదు. ఈ రోజు ఆ నిజం చేతికి దొరికితే, దాన్ని వదులుకుని తాళంచెవి కూడా వదులుకోవడానికి సిద్ధపడుతున్నారు. అలాగని నేనెలా ఊరుకుంటాను? వచ్చే దసరాకు ఆయన మళ్లీ పూస్తే? చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నూనె చేరిందని చెబుతాను, ఎలా చేరిందో చెప్పను.

ఆ రెండు ప్యాడ్లను న్యూస్‌పేపర్లో చుట్టుకుని ఆవిడతో పాటు వాళ్లింటికి వెళ్లాను. ప్రసాదు గారిని పిలిపించాను. సత్యనారాయణ గారు హాల్లో కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. పడిపోయిన కుడి చేతిలో రబ్బరు బంతి పెట్టుకుని నొక్కడానికి ప్రయత్నిస్తున్నారు. ప్యాడ్లు టీపాయి మీద పెట్టి విషయం చెప్పాను. ఎడమ చక్రం పట్టుకోలేదు, అందుకే బండి కుడికి లాగింది, మీ వదినగారు తొక్కింది బ్రేకే. రోడ్డు మీద గీతే సాక్ష్యం. తప్పు నాది, చక్రం విప్పకుండా నోరు పారేసుకున్నానని ఒప్పుకున్నాను.

ప్రసాదు గారు ప్యాడు చేతిలోకి తీసుకుని చూశారు. నూనె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. చక్రంలోకి నూనె చేరడానికి సవాలక్ష దారులుంటాయండీ అని గొణిగాను. నేను అబద్ధం ఆడితే నా చెవులు ఎర్రబడతాయని మా ఆవిడ ఎప్పుడూ అంటుంది. ఆ రోజూ ఎర్రబడే ఉంటాయి.

కుర్చీలోంచి బంతి కింద పడిన చప్పుడైంది.

"నేనే... పూశా" అన్నారు సత్యనారాయణ గారు.

ఆయన ఒక్కో మాట కూడదీసుకుని చెబుతుంటే మేం ముగ్గురం వింటూ నిలబడ్డాం. ఇంటి దగ్గర కారు పూజ అయ్యాక అందరూ దుకాణానికి వెళ్లారు. చక్రం లోపల తుప్పు కనిపించింది. ఆవిడ బండి కదా, పాడవుతుందనిపించింది. దేవుడి గదిలో నూనె గిన్నె, ఒక చిన్న పెయింటు బ్రష్షు తీసుకున్నారు. చక్రం ముందు చిన్న పీట వేసుకుని కూర్చుని, ఎడమ చేత్తో సందుల్లోంచి మెల్లగా పూశారు. వెనక చక్రానికి పూద్దామంటే లోపల పళ్లెం కనబడలేదు, డబ్బాలాగా మూసేసి ఉంది. అటు వైపు చక్రానికి గోడ అడ్డం వచ్చింది. లేకపోతే దానికీ పూసేవారు. చివర కుంకుమ పెట్టారు. అంతా చెప్పి భార్య వైపు చూశారు. ఆ చూపులో ఇంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా బెదిరిపోయి ఉన్నాడు.

రాజ్యలక్ష్మి గారి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నేను ఆయన్ని ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ దగ్గరగా వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, వేరే ప్రశ్న అడిగారు.

"పీట మీంచి మిమ్మల్ని ఎవరు లేపారండీ?"

ఆయన కాసేపు ఆలోచించారు. "ఎవరూ లేరుగా. నేనే లేచా."

ప్రసాదు గారి చేతిలో ప్యాడు అలాగే ఉండిపోయింది. నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. కుర్చీలోంచి లేవాలంటేనే ఆయనకు ఒక మనిషి సాయం కావాలి. జానెడు ఎత్తున్న పీట మీద కూర్చోవడం, తనంతట తాను లేవడం ఈ జన్మకు కుదరదని ఇంట్లో అందరూ ఆశ వదిలేసుకున్న పని. విజయవాడలో ఫిజియో అమ్మాయి మాత్రం ఉగాదికైనా చేయిద్దామని చెబుతూ వచ్చిందట. ఆయన దసరాకే చేసేశారు, అదీ ఎవరూ చూడకుండా. చక్రం సంగతి మనసులో పడి, తను లేచానన్న సంగతే ఆయనకు తోచలేదు.

ప్రసాదు గారు పీట తెమ్మన్నారు. మళ్లీ చేసి చూపించమన్నారు. ఆయన గోడకు ఎడమ చెయ్యి ఆనించి, వణుకుతూ, చెమటలు కక్కుతూ కూర్చున్నారు. నేను పట్టుకోబోతే రాజ్యలక్ష్మి గారు ఆగమన్నట్టు చెయ్యి చూపారు. ఒకసారి వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నారు. రెండోసారి లేచి నిలబడ్డారు. తమ్ముడు వెళ్లి అన్నను పట్టుకుని ఏడ్చేశాడు.

కాసేపటికి ప్రసాదు గారు కళ్లు తుడుచుకుని, ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లారు. మైలవరం వాళ్లను రావద్దని చెప్పడం లోపలికి వినిపించింది. తిరిగొచ్చి కారు తాళంచెవి వదినగారి చేతిలో పెట్టారు. "సోమవారం ఫిజియో ఉందిగా వదినా" అన్నారు.

ఇంక నా పని మిగిలింది. నూనె తాగిన ప్యాడ్లను తుడిచి, ఎండబెట్టి వాడదామని కొందరు అడుగుతారు. వాడకూడదు, అవి పనికిరావు. మార్చేటప్పుడు ఒక వైపే మార్చకూడదు, ముందు రెండు చక్రాలకీ కలిపి మార్చాలి, లేకపోతే మళ్లీ ఒక వైపు ఎక్కువ పట్టుకుంటుంది. డిస్కును బ్రేక్ క్లీనర్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ కడిగాను. చక్రం బిగించేటప్పుడు నట్లను వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి, ఎదురెదురుగా బిగించాలి. అప్పుడే చక్రం వంకర లేకుండా కూర్చుంటుంది. చివర టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగించామో చూపించే పానాతో సరిచూశాను. ఎలాగూ విప్పాను కదా అని అయిదు టైర్ల వయసూ చూశాను. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. స్టెప్నీ టైరు కారుతో పాటు కొన్నదే, తొమ్మిదేళ్లది. ఒక్కసారీ వాడలేదు కాబట్టి కొత్తదే అనుకున్నారు వాళ్లు. రబ్బరు ఊరికే ఉన్నా ముసలిదవుతుందని చెప్పి దాన్నీ మార్పించాను.

కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి వేగంలో వెళ్తూ, పూర్తిగా ఆపకుండా, పదిసార్లయినా మెల్లగా బ్రేకు తొక్కి వదలాలి. మామూలుగా ఆ పని నేనే చేస్తాను. ఆ రోజు నేను వెనక సీట్లో కూర్చున్నాను. రాజ్యలక్ష్మి గారు స్టీరింగు దగ్గర, సత్యనారాయణ గారు పక్కన. హైవే మీద మెల్లగా వెళ్లి, కంచికచర్ల దాటాక చెవిటికల్లు వైపు తిప్పాం. రెండు పక్కలా పత్తి, మిరప. ఎదురుగా కృష్ణానది మీంచి చల్లటి గాలి.

మొదటిసారి బ్రేకు తొక్కేముందు ఆవిడ చేతులు బిగుసుకోవడం వెనక నుంచి నాకు కనబడింది. తొక్కారు. బండి సూటిగా, ఎటూ వాలకుండా నెమ్మదించింది. ఇంకోసారి. మరోసారి. ఆరోసారికి భుజాలు వదులయ్యాయి. అప్పుడు అద్దంలో నన్ను చూస్తూ అన్నారు.

"గోడకి గుద్దుకున్నప్పుడు నాకంత భయం వెయ్యలేదండీ. మీరు నవ్వినప్పుడు వేసింది. నేను నిజంగానే ఎక్సిలేటర్ తొక్కానేమో అనిపించింది. రాత్రంతా నా కాలిని నేనే నమ్మలేకపోయా."

తప్పయిందమ్మా, క్షమించండి అన్నాను. నా వృత్తిలో నేను అంత మనస్ఫూర్తిగా అడిగిన క్షమాపణ ఇంకొకటి లేదు. మర్నాడు వాళ్ల వీధి మలుపుకు వెళ్లి, పళ్లబండి మనిషినీ, ఆ రోజు నవ్విన వాళ్లలో దొరికిన వాళ్లనూ పిలిచి, ఆ గీత చూపించి, తప్పు ఆవిడది కాదని చెప్పి వచ్చాను. అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా.

సత్యనారాయణ గారికి మాత్రం ఒక చిన్న వస్తువు ఇచ్చాను. టైరులో గాలి కొలిచే గేజి, పెన్నులా ఒక్క చేత్తో పట్టుకునేది. ఇనుముకు ఏమీ పూయొద్దండీ, బొట్టు కావాలంటే బానెట్ మీద పెట్టుకోండి, పొద్దున్నే బండి తీయకముందు దీంతో గాలి చూసి పెట్టండి చాలన్నాను. చెయ్యి ఊరికే ఉండకూడదని ఇచ్చాను గానీ, ఆయన దాన్ని ఉద్యోగం కింద తీసుకున్నారు. ప్రతి ఆదివారం పొద్దున్నే పీట వేసుకుని నాలుగు చక్రాలూ చూస్తారు. ఇప్పుడు కారును గోడకు దూరంగా పెడుతున్నారట, ఆయన చుట్టూ తిరగడానికి. పోయిన నెల చేతికర్ర ఊతంతో నా షెడ్డుకు వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ నా స్కూటరు చక్రానికి గేజి పెట్టేశారు. "ఇరవై కూడా లేదు సాంబయ్యా. నువ్వు ఊరందరికీ చెబుతావు" అని నలుగురి ముందూ అన్నారు. ఈసారి నవ్వించుకోవడం నా వంతయింది. నాకు ఆనందంగానే ఉంది.

యంత్రాలు ఇప్పుడు చాలా చెబుతాయి. గాలి తగ్గితే లైటు వెలుగుతుంది, ప్యాడు అరిగితే కీచుమంటుంది. కానీ ఒక్క చక్రంలో దేవుడి గది నూనె ఉందని ఏ లైటూ చెప్పదు. ఆ సంగతి ముందుగా తెలిసేది బండి నడిపిన మనిషికే. స్టీరింగు చేతిలో ఎటు లాగింది, పెడల్ కాలి కింద ఎలా ఉంది, అదంతా వాళ్ల ఒంటికి తెలుస్తుంది. మనం అడిగితే చెబుతారు. నేను అడగలేదు.

ఇప్పటికీ నెలకొకరైనా వస్తారు, పక్కన ఎవరో నవ్వుతుంటే తల దించుకుని, బ్రేకు తొక్కానండీ, ఆగలేదు అంటారు. కొందరు నిజంగానే పొరపాటున ఎక్సిలేటర్ తొక్కి ఉంటారు, కాదనను. కానీ అది చక్రాలు విప్పి చూశాక చెప్పే మాట. నేను ముందు బండి ఎటు లాగిందని అడుగుతాను. తర్వాత జాకీ తెచ్చుకుంటాను.